నరం చుట్టూ చేరినవాళ్లు

డాక్టరు పట్టా చేతికొచ్చినంత మాత్రాన చెయ్యి పనికొచ్చినట్టు కాదని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు తెలిసొచ్చింది.

మా ప్రయోగశాల ఆసుపత్రి మూడో అంతస్తులో ఉండేది. రోగుల ఒంటి నుంచి పరీక్ష కోసం తీసిన చిన్న చిన్న ముక్కలు అక్కడికి వస్తాయి. వాటిని మైనంలో బిగించి, కోత యంత్రానికి తగిలించి, చక్రం తిప్పుతూ పొరలు పొరలుగా చెక్కాలి. ఉల్లిపొర వాటి ముందు దుప్పటి కింద లెక్క. అంత పలచగా రావాలి. సరిగ్గా చెక్కితే ఆ పొరలు ఒకదాని అంచు ఒకటి పట్టుకుని సన్నటి రిబ్బనులా బయటికొస్తాయి. దాన్ని కుంచెతో అందుకుని, వెచ్చటి నీళ్ల మీద తేలనిచ్చి, గాజు పలక మీదికి ఎత్తుకుని, రంగులు పట్టించాక సూక్ష్మదర్శినిలో చూసి, ఫలానా జబ్బు అని రాయడం నాలాంటివాళ్ల పని. చెక్కడం డాక్టర్ల పని కాదు. అయినా మా పెద్ద డాక్టరుగారు "చెక్కడం తెలియనివాళ్లకి చూడ్డం సగమే తెలుస్తుంది" అని నన్ను నెలరోజులు యంత్రం ముందు కూర్చోబెట్టారు.

నా చేతిలో రిబ్బను రాలేదు. పెన్సిలు చెక్కిన పొట్టులా ముక్కలు ముక్కలుగా రాలింది.

"మైనం మెత్తబడిందమ్మా. కాస్త మంచుగడ్డ ఆనించండి," అంది పక్క బల్ల దగ్గరున్నావిడ తలెత్తకుండానే. "చక్రం తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. మీరు బిగుసుకుంటే అదీ బిగుసుకుంటుంది."

మంచుగడ్డ ఆనించాను. ఊపిరి వదిలాను. నాలుగు పొరలు కలిసి వచ్చాయి. "ఇంకేం, పెళ్లిచూపులు అయిపోయాయి. ఇక కాపురమే," అని నవ్విందావిడ.

ఆవిడని ఆసుపత్రిలో అందరూ రిబ్బనక్క అనేవారు. నాకూ అదే అలవాటైంది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ మోచేతుల దాకా కోటు చేతులు పైకి మడుచుకుని ఉండేది. కుడిచేతి చిటికెన వేలు కొంచెం వంగి ఉండేది. ఇంకో సంగతి గమనించాను. నీళ్లు సరైన వేడిలో ఉన్నాయో లేదో చూడాలంటే పనిచేసే కుడిచేతిని పక్కనపెట్టి, ఎడమచేయి ముంచి చూసేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"కుడిచేతి ఈ అంచు మొద్దుబారిపోయిందమ్మా. వేడా చల్లనా అంటే నన్నడక్కు అంటుంది," అని చిటికెన వేలి పక్క అరచేతి అంచు చూపించింది. అక్కడ పాత కాలిన మచ్చ ఉంది. "నాకు కుష్ఠు వచ్చి తగ్గింది. మీకెవరూ చెప్పలేదా? ఇక్కడ దాచినవాళ్లెవరూ లేరే!"

ఆ తర్వాత చాలా నెలల పాటు, రంగులు పట్టడానికి పలకలు నానుతున్న ఖాళీల్లో, ఆవిడ కథ కొద్దికొద్దిగా విన్నాను. కొంత ఆవిడ చెప్పింది. కొంత ఆసుపత్రి లిఫ్టు నడిపే ఆవిడ భర్త చెప్పాడు. ఆయన మితభాషి. అంతస్తుకో వాక్యం చొప్పున చెప్పేవాడు.

జబ్బు బయటపడేనాటికి ఆవిడకి ఇరవై తొమ్మిదేళ్లు. ఆసుపత్రి నేలమాళిగలోని బట్టల విభాగంలో ఇస్త్రీ పని. పక్కదుప్పట్లు, రోగుల చొక్కాలు, ఆపరేషన్ గదుల గుడ్డలు ఉతికి ఆరి గుట్టలు గుట్టలుగా ఆవిడ బల్ల మీదికి వచ్చేవి. కిటికీల్లేని గది. ఆవిరి గొట్టాలు బుసకొడుతుండేవి. అక్కడ పనిచేసే ఏడుగురు ఆడవాళ్లకీ గంట తిరిగేసరికి ఒళ్లంతా చెమట కారేది.

ఆవిడకి మోచేతి దగ్గర అరచేతంత మచ్చ ఒకటి ఉండేది. పాలిపోయిన ఎరుపు. దురద లేదు, నొప్పి లేదు. ఒళ్లంతా తడిసి ముద్దయినా ఆ మచ్చ మాత్రం పొడిగా ఉండేది. "నా ఒంట్లో ఇదొక్కటే సుఖపడుతోంది" అని తోటివాళ్లకి చూపించి నవ్వించేదట.

ఒక ఉదయం బల్ల దగ్గర నిలబడి దుప్పటి ఇస్త్రీ చేస్తుంటే పక్కనున్న మడతలావిడ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో కాలుతోందే!"

"గుడ్డ కాదు. చూశాను," అంది ఈవిడ. దుప్పటి తిరగేసి చూసింది. బల్ల మీద పరిచిన గుడ్డ చూసింది. ఇస్త్రీపెట్టె తీగ చూసింది. చివరికి మడతలావిడ కెవ్వుమని అరిచింది. కాలుతున్నది ఈవిడ చెయ్యి. అరచేతి అంచు ఇస్త్రీపెట్టెకి ఆనుకుని ఉంది. చర్మం ఊడొచ్చింది. ఆవిడకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

"నొప్పి తెలిస్తే ఏడ్చేదాన్ని. తెలియలేదు కాబట్టి భయపడ్డాను," అని చెప్పింది నాతో.

కట్టు కట్టిన నర్సు ఊరుకోలేదు. చర్మం డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన నెరిసిన జుట్టు మనిషి, తొందర లేనివాడు. కళ్లు మూసుకోమని చెప్పి దూదిపోచతో మచ్చ మీద తాకి "తగిలినప్పుడు చెప్పమ్మా" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఎదురుచూసి "మొదలుపెట్టండి" అంది. ఆయన అప్పటికే ఆరుసార్లు తాకాడు. మోచేతి వెనక వేళ్లతో తడిమితే నరం తాడులా లావుగా తగిలింది. మత్తు సూది వేసి, మచ్చ అంచు నుంచి గోరంత ముక్క తీసి మూడో అంతస్తుకి పంపించాడు.

వారం తర్వాత పేరు చెప్పాడు. ఆవిడ చెవుల్లో ఆ తర్వాత చెప్పినవేవీ పడలేదు. నయమవుతుందన్నాడు. ఏడాది మాత్రలన్నాడు. మొదటి మోతాదు పడ్డాక కొద్దిరోజుల్లోనే ఎవరికీ అంటించే శక్తి దానికి ఉండదన్నాడు. చాలామంది ఒంట్లో ఈ క్రిమి దూరినా వాళ్ల ఒళ్లే దాన్ని తరిమేస్తుందన్నాడు. ఇంట్లోవాళ్లందర్నీ ఒకసారి చూపించమన్నాడు. ఆవిడ మాత్రం ఏడేళ్ల కూతురి గురించి ఆలోచిస్తూ గోడకున్న గడియారం వంక చూస్తూ కూర్చుంది. బడి వదిలే వేళవుతోంది. పిల్లని చేయిపట్టుకుని తీసుకురావచ్చా, కూడదా?

కిందికి దిగడానికి లిఫ్టు ఎక్కింది. నడిపేది భర్త. ఇంకో నలుగురున్నారు. వాళ్లు దిగేదాకా ఆగి చెప్పింది. ఆయన తలుపు మూసి, రెండు అంతస్తుల మధ్య లిఫ్టు ఆపేశాడు. పాతికేళ్ల పైబడ్డ ఉద్యోగంలో ఆయన కావాలని లిఫ్టు ఆపింది ఆ ఒక్కసారేనట. ఆవిడ ఏడుపు అయ్యేదాకా పక్కన నిలబడ్డాడు. పైనుంచీ కిందనుంచీ గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత అడిగాడు: "అమ్మకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

అమ్మ అంటే ఆవిడ అత్తగారు. నోరున్న మనిషి. ఉప్పు ఎక్కువైతే మూడు వీధులకి వినిపించే రకం. ఇంటికెళ్లి ఈ మాట చెబితే ఏమవుతుందోనని ఈవిడ గుమ్మం బయటే నిలబడిపోయింది.

అత్తగారు మొత్తం విన్నది. ఎన్ని మాత్రలు, ఎన్నాళ్లు, ఎప్పుడెప్పుడు అని మూడు ప్రశ్నలడిగింది. తర్వాత కోడలు తాగి పక్కన పెట్టిన టీ గ్లాసు తీసుకుని, అడుగున మిగిలింది తాగేసింది.

"అత్తయ్యా!"

"ఏం? చల్లారిపోతోంది. పారబోసుకుంటామా?" అంది. "జబ్బొచ్చింది. మందుంది. నువ్వేమీ దొంగతనం చేసి రాలేదుగా, గుమ్మం బయట నిలబడ్డానికి! లోపలికి రా, దోమలొస్తున్నాయి."

ఈ మాట చెప్పినప్పుడల్లా రిబ్బనక్క చేతిలో పని ఆపేది. "మా అమ్మ కూడా ఆ ఏడాది మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదమ్మా. కన్నతల్లిని తప్పుపట్టను, భయం అలాంటిది. కానీ ఆ గ్లాసు తాగినావిడకి నా చర్మం వొలిచి చెప్పులు కుట్టించినా రుణం తీరదు. అయినా ఆ చర్మం ఎవరిక్కావాల్లెండి, అందులో సగం మొద్దుబారింది!"

నేలమాళిగలో సంగతి వేరుగా జరిగింది. వార్త ఆవిరి కన్నా ముందు పాకింది. మర్నాటికి ఆవిడ కప్పు మిగతా కప్పుల పక్క నుంచి మూలనున్న గోడ గూటిలోకి మారింది. ఎవరు మార్చారో ఎవరూ చెప్పలేదు. చర్మం డాక్టరు భయం లేదని కాగితం రాసిచ్చినా, అక్కడి పెద్ద ఆ కాగితాన్ని కూడా రెండు వేళ్లతోనే పట్టుకున్నాడు. "కొన్నాళ్లు మెట్లు తుడువు" అన్నాడు.

అలా చీపురు పట్టుకుని మూడో అంతస్తు మెట్ల మీదికి వచ్చింది. మెట్టు మీద కూర్చుని చెయ్యి చూసుకుంటుంటే ప్రయోగశాల పెద్దాయన కనబడ్డాడు. కోతపనిలో ముప్ఫయ్యేళ్లు చేసినవాడు. ఆయన ఆమె మోచేతి దగ్గరి చిన్న కుట్టు వంక చూశాడు.

"అమ్మాయ్, ఈ కుట్టు మా చర్మం డాక్టరుది. పోయిన నెల ముక్కా?"

ఆవిడ తలూపి, చప్పున చెయ్యి కొంగు కింద దాచుకుంది.

"దాస్తావెందుకు? నిన్ను లోపలినుంచి చూసినవాణ్ణి నేను," అన్నాడు. "నువ్వు చూస్తావా?"

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి చూసే సూక్ష్మదర్శిని మా దగ్గర ఇప్పటికీ ఉంది. దాని ముందు కూర్చోబెట్టి ఆవిడ పలక పెట్టాడు. మొదట గులాబిరంగు, ఊదారంగు మసక. ఆయన ఏదో తిప్పితే బొమ్మ తేటపడింది.

"లేత గులాబిరంగులో గుంపుగా ఉన్నాయే, అవి నీ ఒంటి కణాలే. క్రిమి కనబడితే మింగేస్తాయి. వాటి చుట్టూ గసగసాలు చల్లినట్టు నల్లచుక్కలున్నాయా? అవి ఇంకో రకం. మింగేవాటిని ఉసిగొలుపుతాయి. 'నోట్లో పెట్టుకు కూర్చున్నావేం, అరిగించు' అని వెంటపడతాయి."

"మా అత్తయ్యలాగా," అంది ఆవిడ.

ఆయన నవ్వాడు. "అంతే అనుకో. కొందరి ఒంట్లో ఈ అత్తయ్యలు రారు. అప్పుడేమవుతుందంటే, మింగే కణాలు మింగుతాయి గానీ అరిగించుకోలేవు. కడుపు నిండా క్రిములతో నురగలా ఉబ్బిపోయి కూర్చుంటాయి. అలాంటి ముక్కలో వేలకి వేలు క్రిములు కనబడతాయి. నీ ముక్కలో రోజంతా వెతికితే నాకు రెండే దొరికాయి. నీవాళ్లు గట్టివాళ్లు."

ఆవిడ కాసేపు కన్ను తీయకుండా చూసింది. తర్వాత అడిగింది: "అంత గట్టివాళ్లయితే నా చెయ్యెందుకు మొద్దుబారింది?"

ఆ ప్రశ్నకే పెద్దాయన ఆవిడని గుర్తుపెట్టుకున్నాడట. డాక్టరీ చదివే పిల్లలు కూడా ఆ ప్రశ్న అడగరని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడట.

"ఇదిగో, అలల్లా సాగి ఉందే, ఇది నరం. క్రిమికి దాక్కోడానికి ఇష్టమైన చోటు. నీవాళ్లు దాన్ని పట్టుకోవాలని నరంలోకే జొరబడ్డారు. ఇరుకు గదిలో వందమంది తోసుకుంటే క్రిమి చస్తుంది. గది గోడలూ కూలతాయి."

ఆ రోజు ఇంటికెళ్లేటప్పుడు ఆవిడ మనసు తేలికైంది. తన చర్మంలో ఏదో మురికి ఉందని అప్పటిదాకా అనుకుంది. అక్కడ ఉన్నది మురికి కాదు. తన తరఫున ఇన్నాళ్లూ పోట్లాడుతున్నవాళ్లు. "నేను నిద్రపోయినప్పుడూ, ఇస్త్రీ చేసినప్పుడూ, ఎవరూ అడక్కుండానే వాళ్లు పనిచేస్తున్నారు. ఒక్కసారి చూస్తే గానీ తెలియలేదు" అంది నాతో.

కానీ అసలు పోట్లాట ముందుంది.

మాత్రలు మొదలుపెట్టిన నాలుగో నెలలో ఒక ఉదయం లేచేసరికి మచ్చ ఎర్రగా ఉబ్బింది. మోచేతిలో పోటు. కూతురి చొక్కా బొత్తాం పెట్టబోతే చిటికెన వేలూ, దాని పక్క వేలూ మాట వినలేదు. ముడుచుకుని ఉండిపోయాయి. పిల్ల తనే బొత్తాం పెట్టుకుని బడికి పోయింది. ఆవిడ కూర్చుని లెక్కేసుకుంది. మాత్రలకి ముందు చెయ్యి మొద్దుగా ఉన్నా పనిచేసింది. మాత్రలు వేసుకున్నాక పడిపోయింది. కాబట్టి మాత్రలదే తప్పు. అట్ట తీసి పిండిడబ్బాలో దాచేసింది.

మూడోరోజు అత్తగారి చేతికి పిండికి బదులు అట్ట తగిలింది.

"ఏమే, మాత్రలు పిండిడబ్బాలో కాపురం పెట్టాయేం?"

కోడలు ఏడుస్తూ చెయ్యి చూపించింది. అత్తగారు ఒక్కమాట తిట్టలేదు. అది చూసే ఎక్కువ భయమేసిందట. చెప్పులేసుకుని, కోడల్ని రెక్కపట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకొచ్చింది. లిఫ్టులో కొడుకుని చూసి "పైకి" అంది. ఆ పూట ఆయన ఎవర్నీ ఎక్కించుకోకుండా నేరుగా పైకి తీసుకెళ్లాడు.

చర్మం డాక్టరు చెయ్యి చూసి, మోచేయి నొక్కి, వేళ్ల బలం చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"జబ్బు ముదరలేదమ్మా. మాత్రలు క్రిముల్ని చంపుతున్నాయి. చచ్చినవాటి ముక్కలు చర్మంలో, నరాల్లో ఉన్నాయి. మీ ఒంటి కణాలు ఒక్కసారిగా మేలుకుని వాటి మీద విరుచుకుపడ్డాయి. ఆ వాపులో నరం నలిగిపోతోంది."

"అంటే," అంది అత్తగారు, "ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటున్నాయన్న మాట."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. "నేను పిల్లలకి గంట పాఠం చెబుతానమ్మా ఇది. మీరు ముక్కలో తేల్చేశారు."

"అయితే మంట ఆర్పండి. ఎలుకల సంగతి తర్వాత."

"రెండూ చెయ్యాలి. పాత మాత్రలు ఆపకూడదు. మంట ఆర్పడానికి స్టెరాయిడు మాత్రలు ఇస్తాను. నెలల పాటు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. బాగుందని మధ్యలో మానేస్తే మంట మళ్లీ లేస్తుంది. తొందరగా వచ్చారు కాబట్టి చెయ్యి తిరిగొస్తుందనే నమ్మకం ఉంది. ఇంకో ఆరు నెలలు ఆగి వచ్చుంటే నేనూ ఏం చెప్పలేకపోయేవాణ్ణి."

మూడు రోజులు మాత్రలు పిండిడబ్బాలో దాచిన సంగతి ఆవిడ అక్కడే ఒప్పుకుంది.

అయిదు నెలలు పట్టింది. మోచేతికి కట్టు, వేళ్లకి కర్రబద్ద. రోజూ గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి నానబెట్టి, నూనె రాసి, వేళ్లు ఒక్కొక్కటే సాగదీసేది అత్తగారు. మందు వల్ల ఆవిడ మొహం ఉబ్బి గుండ్రంగా అయిపోయింది. ఇంకో మందు వల్ల రంగు నల్లబడింది. "అమావాస్య రోజు చందమామ వచ్చినట్టుంది," అని అత్తగారు వీధిలో వాళ్లకి వినబడేలా అనేది. ఎవరైనా ఆ మొహం గురించి గుసగుసలాడే లోపలే ఆవిడే పైకి అనేస్తే వాళ్లకి అనడానికి ఏమీ మిగలదని ఆవిడ లెక్క.

వేళ్ల బలం చూసే పరీక్ష డాక్టరు నేర్పించాడు. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య కాగితం పెట్టి బిగించి పట్టుకోవాలి. ఎదుటివాళ్లు లాగాలి. ఇంట్లో ఆ లాగే పని కూతురు తీసుకుంది. బడి పుస్తకంలోంచి కాగితం చింపి తెచ్చేది. రోజూ సాయంత్రం ఆట. నాయనమ్మ తీర్పరి. మొదటి నెలంతా కాగితం ఊదితేనే జారిపోయేంత తేలిగ్గా వచ్చేసేది. పిల్ల గెలిచి గెలిచి విసిగిపోయి "అమ్మా, ఒక్కసారైనా గెలువు" అని బతిమాలేది. రెండో నెలలో కాస్త పట్టు తెలిసింది. మూడో నెల చివర ఒకరోజు పిల్ల లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. కాగితం చిరిగింది గానీ వేళ్ల మధ్య ముక్క అక్కడే ఉంది.

పిల్ల ఇల్లంతా గంతులేసింది. అత్తగారు మాత్రం గభాలున లేచి వంటగదిలోకి పోయింది. వెనకాలే వెళ్లిన కోడలికి ఆవిడ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ కనబడింది.

"పొయ్యి పొగ," అంది అత్తగారు.

పొయ్యి వెలిగించి లేదు.

ఏడాది మాత్రలు పూర్తయ్యాయి. చెయ్యి తిరిగొచ్చింది, పూర్తిగా కాదు. అరచేతి అంచుకి స్పర్శ రాలేదు. చిటికెన వేలు కొద్దిగా వంగే ఉండిపోయింది. నేలమాళిగకి తిరిగి వెళ్లడానికి మనసొప్పలేదు. వేడి ఇస్త్రీపెట్టె ఆ చేతికి మంచిది కాదని డాక్టరూ రాశాడు. అప్పుడు ప్రయోగశాల పెద్దాయన పైవాళ్లతో మాట్లాడి గాజు పలకలు కడిగే పనికి ఆవిడని తీసుకున్నాడు. "పదిమంది అభ్యంతరం చెబుతారేమో" అని ఎవరో అంటే, "మేము రోజూ చూసే ముక్కల్లో ఉన్న జబ్బులన్నీ పట్టుకుని కూర్చుంటే ఈ ఆసుపత్రిలో ఒక్కరూ మిగలరు. మీ చొక్కా విప్పుతారా, ఏముందో చూద్దాం?" అన్నాడట.

మొదటిరోజు టీ వేళకి ఆయన తన కప్పు ఆవిడకిచ్చి, తను గాజు గ్లాసులో తాగాడు. ఆ కప్పు మళ్లీ తిరిగి అడగలేదు.

ఏడాది పలకలు కడిగింది. రెండో ఏట రంగులు నేర్చుకుంది. ఒకరోజు పెద్దాయనకి జ్వరం వస్తే చక్రం ముందు కూర్చుంది. గుట్టలకొద్దీ దుప్పట్ల మడతల్ని వేళ్లతో సవరించిన చెయ్యి అది. పలచటిదాన్ని నలగకుండా పట్టుకోవడం దానికి ముందే తెలుసు. వంగిన చిటికెన వేలు కుంచెకి ఆసరాగా సరిపోయింది. మూరెడు రిబ్బను, ఎక్కడా తెగకుండా వచ్చింది. పెద్దాయన జ్వరం నుంచి లేచి వచ్చి ఆ పలకలు చూసి, "నేను ఇంకో వారం పడుకోవాల్సింది" అన్నాడు. రిబ్బనక్క అన్న పేరు అప్పుడే స్థిరపడింది.

ఇక నా సంగతి.

నేను చేరిన రెండో ఏట ఒక లెక్కల మాస్టారి చర్మం ముక్క వచ్చింది. చెంప మీద మచ్చ. రెండేళ్లుగా బయట ఎక్కడెక్కడో తామర అని ఒకరు, పడని వస్తువేదో తగిలిందని ఒకరు పూతమందులు రాశారు. నేను పలక చూశాను. అక్కడక్కడ నల్లచుక్కలు తప్ప ఏమీ లేవు. ఫలానా జబ్బని చెప్పలేని మామూలు వాపు అని రాసి సంతకం పెట్టేశాను. మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే రిబ్బనక్క వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"డాక్టరమ్మా, ఆ మాస్టారి ముక్క మైనంలో ఇంకా చాలా లోతుంది. ఇంకొన్ని పొరలు తియ్యనా?"

"ఎందుకక్కా? ఏమీ లేదుగా అందులో."

"పైన లేదు. ముక్కతో పాటు వచ్చిన కాగితం చూశారా? కింద చిన్నగా రాసుంది. 'గడ్డం గీసుకునేటప్పుడు ఆ చోట తెలియడం లేదంటున్నాడు' అని."

నేను చూడలేదు. వయసు చూశాను, మచ్చ ఎక్కడో చూశాను, కింది గీత చదవలేదు. ఆవిడ మాత్రం నా తప్పు పట్టినట్టు కాకుండా, నా తిండి ఆలస్యమవుతున్నందుకు తనే నొచ్చుకుంటున్నట్టు, "మీరు తినిరండి. ఈలోపు తీసి ఉంచుతా" అంది.

నేను తినడానికి పోలేదు. పక్కన నిలబడి చూశాను. అరవై పొరల లోతుకి వెళ్లింది. పదేసి పొరలకి ఒకటి చొప్పున పలక మీదికి ఎత్తింది. రంగులు పట్టాక వరసగా చూశాను. మొదటి నాలుగు పలకల్లోనూ అదే మామూలు వాపు. అయిదో పలకలో, చర్మం అడుగున, సన్నటి నరం ఒకటి కనబడింది. దాని చుట్టూ నల్లచుక్కలు గట్టిగా మూగి, లోపలికి కూడా దూరి ఉన్నాయి. పక్కన లేత గులాబిరంగు కణాల చిన్న గుంపు. క్రిములకి మాత్రమే అంటే ఎర్రరంగు పట్టించిన పలకలో గంటన్నర వెతికాక ఒకే ఒక్క క్రిమి, కొవ్వొత్తి వత్తి తుంపులా కనబడింది.

రిబ్బనక్కని ఎదురు కుర్చీలో కూర్చోమన్నాను. చూస్తూ పలకని నరం వెంట మెల్లగా జరిపింది.

"వచ్చేశారమ్మా వీళ్లు," అంది చివరికి, బంధువుల్ని గుర్తుపట్టినట్టు. "ఈయన వాళ్లూ గట్టివాళ్లే."

నా సంతకం ఉన్న కాగితం చించేసి కొత్తది రాశాను. చెంప మీద మచ్చ ఉన్నవాళ్లకి కంటిరెప్ప మూసే నరం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. రెప్ప మూతపడకపోతే కన్నే పోవచ్చు. మాస్టారికి మాత్రలు మొదలయ్యాయి. కబురు విన్న రోజు ఆయన ప్రయోగశాల బయట బెంచీ మీద బొమ్మలా కూర్చుంటే, రిబ్బనక్క చేతులు తుడుచుకుంటూ వెళ్లి పక్కన కూర్చుంది. తన చేతి అంచు చూపించింది. పిండిడబ్బా సంగతి చెప్పింది. మచ్చ ఎర్రబడినా, రెప్ప సరిగా మూతపడకపోయినా, ఎక్కడ పోటు వచ్చినా ఆ రోజే పరిగెత్తుకు రావాలనీ, మాత్రలు దాస్తే తనే ఇంటికొచ్చి తీస్తాననీ చెప్పింది.

ఆరో నెలలో ఒక సోమవారం పొద్దున్నే మాస్టారు వచ్చాడు. రెప్ప పూర్తిగా మూతపడటం లేదట. ముందురోజు సాయంత్రమే మొదలైంది. "బడికి సెలవు పెట్టి వచ్చాను. ఆవిడ ఊరుకోదుగా," అన్నాడు. స్టెరాయిడు మొదలైంది. రెప్ప దక్కింది. మచ్చ పోయింది. ఇప్పటికీ లెక్కలు చెబుతున్నాడు. తప్పు చేసిన పిల్లలకి కన్నెర్ర చేయడానికి రెండు కళ్లూ బాగానే పనికొస్తున్నాయని చెప్పాడు.

రిబ్బనక్క ఉద్యోగం ముగిసి రెండేళ్లయింది. చివరిరోజు మేమంతా ప్రయోగశాలలో పోగయ్యాం. ఎనభై దాటిన అత్తగారు కర్ర పట్టుకుని వచ్చింది. కూతురు వచ్చింది. ఆమె ఇప్పుడు వేరే ఆసుపత్రిలో చేతుల వ్యాయామాలు చేయిస్తుంది. భర్త లిఫ్టు ఇంకొకరికి అప్పగించి పదినిమిషాలు వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన లేడు. పోయి చాలాకాలమైంది.

ఏదైనా మాట్లాడమంటే రిబ్బనక్క లేచింది. "నాకు జబ్బు వచ్చినప్పుడు నా ఒంట్లో నరం చుట్టూ చేరినవాళ్లని చూశాను. ఒంటి బయట నా చుట్టూ చేరినవాళ్లనీ చూశాను. ఇద్దరూ లేకపోతే నేను లేను," అంది. అంతే, కూర్చుంది.

"లోపలివాళ్లు కాస్త అతి చేశారు," అంది అత్తగారు. "బయటివాళ్లం మేం సమంగానే చేశాం."

అందరూ నవ్వారు. రిబ్బనక్క నవ్వుతూనే ఏడ్చింది.

మర్నాటి నుంచి ఇంట్లో ఉంటుందనుకున్నాం. ఉండలేదు. చర్మం వైద్యం ఉండే రోజుల్లో వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటుంది. కొత్తగా పేరు విని తల వంచుకుని వచ్చినవాళ్ల పక్కకి జరుగుతుంది. నేను నా గదిలోంచి అప్పుడప్పుడూ చూస్తుంటాను. ప్రతి ముక్కతో వచ్చిన కాగితాన్నీ ఇప్పుడు ఆఖరి గీత దాకా చదువుతాను. ఆ సంగతి ఒకసారి ఆవిడతో చెప్పి, చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పబోయాను.

"అంతొద్దమ్మా," అంది. "ఆ బెంచీకి ఒక కాలు ఊగుతోంది. దాన్ని బాగుచేయించండి. భయపడుతున్న మనిషి ఊగే బెంచీ మీద కూర్చోకూడదు."

ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించాను.